ఆవకాయ వాసనకు 40 పౌండ్లు: జేన్ ఆస్టిన్ ఊళ్ళు తిరిగొచ్చాం

బాత్ ఊళ్ళో మేం దిగిన గదిలో పెరుగన్నంలోకి ఆవకాయ నంజుకున్నందుకు మా దగ్గర 40 పౌండ్లు పట్టుకున్నారు. మేం వండలేదు. అసలు ఆ గదిలో పొయ్యే లేదు. ముందురోజు పొద్దున రెడింగ్‌లో అమ్మాయి ఇంట్లో కలిపి డబ్బాలో పెట్టుకున్న పెరుగన్నం, తెనాలి నుంచి తెచ్చుకున్న చిన్న సీసాలో ఆవకాయ, అంతే. ముందు ఆ సంగతి చెప్తేగాని మిగతా యాత్ర గురించి రాయబుద్ధి కావడం లేదు. ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ మీద అభిమానంతో ఇంగ్లండ్ వెళ్ళేవాళ్ళు ఎక్కడ రోజంతా గడపాలో, ఎక్కడ చెయ్యి బిగబట్టుకోవాలో తెలుసుకుంటారని రాస్తున్నాను.

నేను బ్యాంకులో 31 ఏళ్ళు పనిచేశాను, అందులో సగానికి పైగా క్యాష్ కౌంటర్‌లోనే. బి.ఏ.లో మాకు జేన్ రాసిన ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ నాన్‌డీటెయిల్డ్. అందరూ గైడు కొనుక్కుని పాసయిపోయే రోజుల్లో మా ఇంగ్లీషు మేడం ఆ నవలను క్లాసులో గొంతెత్తి చదివి వినిపించేవారు. అయిదుగురు కూతుళ్ళ పెళ్ళిళ్ళ కోసం మిసెస్ బెనెట్ పడే హైరానాకు క్లాసంతా నవ్వేది. మా ఇంట్లో మేం నలుగురు అక్కచెల్లెళ్ళం, నాన్నది గుమాస్తా ఉద్యోగం. నాకు నవ్వొచ్చేది కాదు. ఈ రాసినావిడ మా ఇంటికి ఎప్పుడొచ్చి చూసిందా అనిపించేది. అప్పటినుంచి ఆవిడ నాకు సొంత మనిషి. ఆరు నవలలూ ఒక్కోటి ఎన్నిసార్లు చదివానో లెక్కపెట్టలేదు.

మా అమ్మాయి ఉద్యోగం రెడింగ్‌లో. 2025 జేన్ పుట్టి 250 ఏళ్ళు నిండే సంవత్సరం, ఆ మేలో రమ్మంది. మా ఆయనకు నవలల మీద ఆసక్తి లేదు, కుడి మోకాలు నొప్పి ఉంది. అయినా వచ్చారు.

రెడింగ్ గురించి ఒక్క మాట. అక్కడ తెలుగువాళ్ళు బోలెడంత మంది ఉన్నారు, చాలామంది వారం వారం ఫోర్బరీ తోటలో నడుస్తుంటారు. ఆ తోట పక్కనే పాత రాతి ద్వారం ఒకటుంది, అబ్బే గేట్‌వే. జేన్, ఆవిడ అక్క కసాండ్రా 1785, 86లో చదువుకున్న ఆడపిల్లల బడి అక్కడే నడిచేది. అంతకు ముందు 1783లో పంపిన బడిలో జ్వరం పట్టుకుని జేన్ చావు దాకా వెళ్ళొచ్చింది. రెడింగ్ తర్వాత మళ్ళీ బడి మొహం చూడలేదు. మిగిలిన చదువంతా తండ్రి పుస్తకాల అలమారాలోనే. మా అమ్మాయి నాలుగేళ్ళుగా ఆ ద్వారం ముందు నుంచే ఆఫీసుకు వెళ్తోందట, సంగతి తెలియదంది.

ఇక జేన్ అయిదేళ్ళు ఉన్న బాత్. రెడింగ్ నుంచి రైల్లో గంట. ఇక్కడే మొదటి నష్టం జరిగింది. ముగ్గురు పెద్దవాళ్ళు కలిసి రద్దీ లేని వేళల్లో ప్రయాణం చేస్తే గ్రూప్‌సేవ్ అని టికెట్‌లో మూడోవంతు తగ్గిస్తారు. మెషిన్‌లో మనం ఎంచుకుంటేనే తగ్గుతుంది, అదంతట అది చెప్పదు. వెళ్ళేటప్పుడు తెలియక పూర్తి ధర కట్టాం. తిరిగొచ్చేటప్పుడు వెనక వరసలో నిలబడ్డ ఒక పెద్దాయన చెప్పాడు. ముగ్గురుంటే అది అడక్కుండా టికెట్ కొనకండి.

గది నేనే ఆన్‌లైన్‌లో ఎంచాను, అందుకే బాధ. రెండు రాత్రులు, రాత్రికి 148 పౌండ్లు. జేన్ కాలం నాటి ఇల్లు, ఆమె నడిచిన వీధి అని రాసి, ఎత్తైన కిటికీ, చలిమంట గూడు ఉన్న ఫొటోలు పెట్టారు. తీరా వెళ్తే ఆ కిటికీ, ఆ గూడు పై అంతస్తువి. మాది భూమిలోకి దిగే గది. వీధి మట్టం నుంచి పదమూడు మెట్లు కిందికి దిగాలి, ఆ మెట్లు సన్నం, పట్టుకోవడానికి కమ్మీ ఒక పక్కే ఉంది. మా ఆయన ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించుకుని దిగుతుంటే వెనక నిలబడి నేను ఆ ఫొటోనే తలుచుకున్నాను. గది కిటికీ తెరిస్తే ఎదురుగా నాచు పట్టిన గోడ, తల పూర్తిగా వెనక్కి వాల్చి చూస్తే దారిన పోయేవాళ్ళ చెప్పులు. మంచం పక్క గోడ చెమ్మగిల్లి రంగు పొక్కింది. వర్షాకాలంలో మూసిపెట్టిన బీరువా తీస్తే వచ్చే ముక్కిపోయిన వాసన. బాత్‌లో అన్నీ ఇలాంటి ఇళ్ళేనట, నేల కింది అరలు అప్పట్లో పనివాళ్ళకు, వంటకు. గది తీసుకునే ముందు ఎన్ని మెట్లు, పైకా కిందికా అని రాతపూర్వకంగా అడగండి. పెద్దవాళ్ళుంటే మరీ.

మనిషంటూ ఎవరూ ఉండరు. తలుపు పక్క నంబర్లు నొక్కే పెట్టె, అందులో తాళం. అదీ సాయంత్రం 4 దాకా తెరుచుకోదు. మేం చేరింది 12కి. పెట్టెలు పెట్టుకోవడానికి వాళ్ళు చెప్పిన దుకాణంలో పెట్టెకు 6 చొప్పున 18 పౌండ్లు. అక్కడ నేనిచ్చింది రెండు పది పౌండ్ల నోట్లు. రెండిటి మీదా జేన్ బొమ్మే. 2017 నుంచి ఆ దేశపు పది పౌండ్ల నోటు మీద ఉండేది ఆవిడే. చదవడాన్ని మించిన ఆనందం లేదనే వాక్యం ఒకటి ఆ నోటు మీద అచ్చేశారు. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ చదివినవాళ్ళకు తెలుసు, ఆ మాటన్నది పుస్తకాల మీద ఏ ప్రేమా లేని కెరొలైన్ బింగ్లీ అనే పాత్ర, కథానాయకుడు డార్సీ మెప్పు కోసం. ఇన్నేళ్ళు నోట్లు లెక్కపెట్టినదాన్ని, ఆ వాక్యం చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. రాయడానికి ఆవిడ సొంత మాటలు ఎన్ని లేవు!

రెండో రోజు సాయంత్రానికి మా ఆయన మోకాలు వాచింది, బయటికి వెళ్ళలేకపోయాం. గదిలోనే కూర్చుని పెరుగన్నం తిన్నాం. సీసా మూత గట్టిగా బిగించి, డబ్బాలు కడిగి, చెత్త సంచి మేమే తీసుకెళ్ళి వీధి చివర తొట్టిలో వేశాం. గది ఖాళీ చేసిన మర్నాడు అమ్మాయి ఫోనుకు మెసేజ్. గదిలో ఘాటైన మసాలా వాసన ఉందనీ, తెరలు ఉతికించాల్సి వచ్చిందనీ, ధరావతులోంచి 40 పౌండ్లు మినహాయించుకుంటున్నామనీ. అమ్మాయి ఫోన్ చేస్తే అవతలి మనిషి, మీవాళ్ళ తిండి సంగతి మాకు తెలుసు అన్నాడు. ఆ ముక్కకు అమ్మాయి మొహం ఎర్రబడింది. ఏడెనిమిదేళ్ళుగా అక్కడ పన్నులు కడుతున్న పిల్ల. నాకు 40 పౌండ్ల కంటే ఆ మాటే ఎక్కువ మంట పుట్టించింది.

లెక్క రాస్తున్నాను: అద్దె 296, శుభ్రం చేసినందుకు 45, బుకింగ్ సేవకు 41.50, పెట్టెలకు 18, ఆవకాయకు 40. మొత్తం 440.50. మేమున్నప్పటి రేటు 114 చొప్పున యాభై వేలు దాటింది. అమ్మాయి మూడు ఈమెయిళ్ళు రాశాక పదకొండో రోజున 20 పౌండ్లు వెనక్కి వేశారు. క్షమాపణ లేదు.

ఊరు మాత్రం అందంగా ఉంది, కాదనను. తేనెరంగు రాయి, అర్ధచంద్రాకారంలో రాయల్ క్రెసెంట్, నదికి అడ్డంగా దుకాణాలతో కట్టిన పుల్ట్నీ వంతెన. వీటికి టికెట్ లేదు. వాటి చుట్టూ నడిచి, సిడ్నీ గార్డెన్స్‌లో కూర్చుని వచ్చేస్తే చాలు. టీ, కేకులూ మూడంతస్తుల పళ్ళెంలో పెట్టి మనిషికి 39 పౌండ్లు అడిగిన చోటికి మేం వెళ్ళలేదు.

నాకు బాధ కలిగించింది ఇంకొకటుంది. ఊరంతా దుకాణాల్లో జేన్ పేరే. సబ్బులు, టీ డబ్బాలు, బొమ్మలు. కానీ ఆవిడ ఈ ఊరికి ఇష్టపడి రాలేదు. 1801లో తండ్రి చర్చి పని కొడుక్కి అప్పజెప్పి బాత్‌కు మకాం మార్చాడు. పాతిక నిండిన పెళ్ళికాని కూతుర్ని ఎవరూ అడగలేదు. తండ్రి పుస్తకాలు 500 దాకా ఉండేవి, అవీ ఆవిడ పియానో కూడా అమ్మేశారు. మొదట సిడ్నీ ప్లేస్ 4వ నంబరు, తర్వాత గ్రీన్ పార్క్ బిల్డింగ్స్. 1805 జనవరిలో తండ్రి పోయాక గే స్ట్రీట్ 25, ఆపైన ట్రిమ్ స్ట్రీట్. అద్దె తగ్గించుకుంటూ తల్లీ కూతుళ్ళు ఇల్లు మారుతూ పోయారు. ఆ అయిదేళ్ళలో ఒక నవల మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది, అంతే. ఊరొదిలి రెండేళ్ళయ్యాక అక్కకు రాసిన ఉత్తరంలో, తప్పించుకుపోతున్నామని ఎంత సంతోషపడ్డామో అని తలుచుకుంది.

మొదటిసారి మోసపోయిందీ బాత్‌లో ఉన్నప్పుడే. సూజన్ అనే నవలను 1803లో క్రాస్బీ అనే లండన్ ప్రచురణకర్త 10 పౌండ్లకు కొన్నాడు. ప్రకటన వేశాడు, పుస్తకం వెయ్యలేదు. ఆరేళ్ళు చూసి ఆవిడ మారుపేరుతో ఉత్తరం రాస్తే, ఇంకొకళ్ళు వేస్తే కోర్టుకెక్కుతాను, కావాలంటే అదే 10 పౌండ్లు కట్టి రాతప్రతి పట్టుకుపో అన్నాడు. ఆ 10 పౌండ్లు పెట్టుకోలేకపోయింది. 1816లో అన్న హెన్రీ కట్టి విడిపించాడు. ఆవిడ పోయాక అది నార్తాంగర్ అబ్బేగా వచ్చింది. ఆ నేలమాళిగలో పడుకుని నోటు మీద ఆవిడ మొహం చూస్తూ నేను ఈ సంగతే తలుచుకున్నాను.

రెడింగ్ తిరిగొచ్చి ఒకరోజు మోకాలికి విశ్రాంతి ఇచ్చాం. శనివారం పొద్దున రైల్లో బేసింగ్‌స్టోక్, అక్కణ్ణుంచి టాక్సీ. స్టీవెన్టన్‌లో గంటసేపు ఆగి, ఆపైన ఆల్టన్‌లో దింపడానికి 62 పౌండ్లు మాట్లాడుకున్నాం. డ్రైవరు నేపాలీ ఆయన, గంట అన్నది గంటన్నర అయినా పైసా ఎక్కువ తీసుకోలేదు. మా ఆయన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, కాలు చాపుకోవడానికి సీటు వెనక్కి జరిపాడు. బేరం బండి ఎక్కకముందే మాట్లాడుకోండి.

స్టీవెన్టన్‌లో చూడ్డానికి ఏమీ లేదు అంటారు. నిజమే, ఏమీ లేదు. 1775 డిసెంబరు 16న ఆవిడ పుట్టిన ఇంటిని 1820ల్లోనే పడగొట్టారు. పొలం గట్టు మీద నిలబడితే గడ్డి, గొర్రెలు, వాళ్ళింటి బావి ఉండిన చోట చిన్న కంచె. ఎనిమిది మంది పిల్లలున్న ఇల్లు రోజూ నీళ్ళు తోడుకున్న బావి, ఆ పిల్లల్లో జేన్ ఏడోది. ఇరవై నాలుగేళ్ళు నిండేసరికి మూడు నవలలు రాసేసింది ఆ ఇంట్లోనే. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ మొదటి రూపాన్ని తండ్రి 1797లో లండన్ ప్రచురణకర్తకు ఉత్తరం రాసి చూపిస్తానంటే, చూడకుండానే వద్దని తిరుగుటపాలో పంపేశాడు.

పొలం దాటి కొంచెం పైకి వెళ్తే 12వ శతాబ్దపు చిన్న చర్చి, పక్కన బాగా ముసలి యూ చెట్టు. తలుపు తీసే ఉంది, టికెట్ లేదు, హుండీ మాత్రం ఉంది. లోపల ఒక పెద్దావిడ పూలు సర్దుతోంది. మమ్మల్ని చూసి పని ఆపి, మా ఆయన్ను బెంచీ మీద కూర్చోమని, తన ఫ్లాస్కులో టీ మూతలో పోసి ఇచ్చింది. ఉన్నది ఒక్క మూతే, మాకు ముగ్గురికీ వంతులవారీగా అందించింది. ఆ ఊళ్ళో టీ దుకాణం లేదు, మంచినీళ్ళు కూడా మీరే తీసుకెళ్ళండి. చిన్నప్పుడు జేన్, తండ్రి పాదిరీగా ఉన్న ఆ చర్చి పెళ్ళిళ్ళ రిజిస్టరులో నమూనా పేజీ మీద తన పేరు రాసి, పక్కన కల్పించిన పెళ్ళికొడుకుల పేర్లు మూడు రాసుకుంది. ఒకాయనది లండన్, ఒకాయనది లివర్‌పూల్, మూడోవాడు ఉత్త జాక్ స్మిత్. పెద్దావిడ ఆ పేర్లు గడగడా ఒప్పజెప్పింది.

మళ్ళీ బండెక్కాక అమ్మాయికీ నాకూ మాటా మాటా వచ్చింది. దానికి 29. ఆ పొద్దున్నే మా చెల్లెలు ఫోన్ చేసి డాలస్ సంబంధం సంగతి కదిపింది, అప్పటినుంచీ పిల్ల ముభావంగా ఉంది. నేను మాట మార్చడానికి, ఇక్కడికి దగ్గర్లోనే మానీడౌన్ అని ఒక పెద్ద ఇల్లుండేది అని మొదలుపెట్టాను. 1802 డిసెంబరులో ఆ ఇంటి వారసుడు హ్యారిస్ బిగ్-విదర్ జేన్‌ను పెళ్ళాడతానని అడిగాడు. ఆస్తి ఉంది, అక్కచెల్లెళ్ళు ఈవిడకు స్నేహితురాళ్ళు. ఈవిడకు 27 నిండబోతున్నాయి, కట్నానికి చిల్లిగవ్వ లేదు. సరే అంది. తెల్లారేసరికి కాదంది. ఆ పొద్దున్నే బండి కట్టించుకుని వెళ్ళిపోయింది.

"ఒక్క రాత్రి ఆలోచించిందన్నమాట," అంది అమ్మాయి.

"అవును."

"నన్ను ఆ ఒక్క రాత్రి కూడా ఆలోచించుకోనివ్వరు కదమ్మా మీరు."

నేనేం మాట్లాడలేదు. మా ఆయన వెనక్కి తిరిగి చూసి మళ్ళీ ముందుకు తిరిగారు. కొంతసేపయ్యాక నేనే చెప్పాను, జేన్ మేనత్త ఫిలడెల్ఫియా పెళ్ళికొడుకు కోసం 1752లో ఓడెక్కి ఆరు నెలలు సముద్రం మీద ప్రయాణం చేసి మద్రాసు వచ్చిందని. తల్లీ తండ్రీ లేని పిల్ల, 21 ఏళ్ళు. ఆర్నెల్లకే కడలూరులో ఈస్టిండియా కంపెనీ వైద్యుణ్ణి చేసుకుంది. వాళ్ళ కూతురు ఎలైజా కలకత్తాలో పుట్టింది, తర్వాత జేన్ అన్న హెన్రీని పెళ్ళాడింది. జేన్ వాళ్ళింట్లో ఆ అత్త కథ పిల్లలందరికీ తెలుసు. అమ్మాయి ఆ కథ పూర్తిగా విని, "పాపం," అంది. ఎవరినన్నదో నేను అడగలేదు. ఆ రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి డాలస్ సంగతి కొన్నాళ్ళు ఎత్తొద్దని చెప్పాను.

ఆల్టన్‌లో ఒక ముసలావిడ ఇంట్లో రెండు గదులు, రెండు రాత్రులు, టిఫినుతో కలిపి 168 పౌండ్లు. కింది గది మాకిచ్చింది. ఏ లోపమూ లేదు.

చాటన్ ఆల్టన్ నుంచి మైలున్నర. నడవగలిగితే అరగంట, మేం 8 పౌండ్లు పెట్టి టాక్సీలో వెళ్ళాం. యాత్ర మొత్తంలో నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళాలనుకునే చోటు ఇదే. ఎర్ర ఇటుకల ఇల్లు, గుమ్మం నేరుగా రోడ్డు మీదికి. జేన్ అన్నల్లో ఎడ్వర్డ్‌ను పిల్లల్లేని బంధువులు దత్తత తీసుకున్నారు, వాళ్ళ భూములన్నీ అతనికి వచ్చాయి. తండ్రి పోయిన నాలుగేళ్ళకు, 1809లో, తల్లికీ చెల్లెళ్ళకూ ఈ ఇల్లు ఇచ్చాడు. అంత ఆస్తి ఉన్నవాడు ఇంకాస్త ముందు ఇస్తే ఏం పోయింది అని నాకు ఎప్పుడూ కోపం. తల్లి, కసాండ్రా, జేన్, వాళ్ళ స్నేహితురాలు మార్తా లాయిడ్, నలుగురాడవాళ్ళు. ఇక్కడ స్థిరపడ్డాకే నవలలన్నీ అచ్చయ్యాయి. పాతవి తిరగరాసింది, మాన్స్‌ఫీల్డ్ పార్క్, ఎమ్మా, పర్స్యువేషన్ కొత్తగా రాసింది.

టికెట్ పారేయకండి, అది ఏడాదంతా చెల్లుతుంది. మా అమ్మాయి దాన్ని పర్సులో దాచుకుంది. ప్రతి గదిలోనూ ఒక వాలంటీరు ఉంటారు, అడిగితే విసుక్కోకుండా చెప్తారు. మా ఆయన కుంటడం చూసి ఒకావిడ కుర్చీ తెచ్చి వేసింది, అదీ మేం అడక్కుండా.

ఆవిడ రాసుకున్న బల్ల భోజనాల గదిలో కిటికీ పక్కన ఉంది. పన్నెండు అంచుల చిన్న గుండ్రటి అక్రోటు బల్ల, ఒంటికాలి మీద. దాని మీద రెండు విస్తళ్ళు వెయ్యలేం. నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ గదికి ఒక తలుపు ఉండేది, తీస్తే కిర్రుమనేది. నూనె వెయ్యనివ్వలేదట జేన్, ఎవరైనా వస్తుంటే ముందే తెలిసి కాగితాలు దాచుకోవచ్చని. మేనల్లుడు రాసిన జీవితచరిత్రలో ఉందీ మాట. పొద్దున తొమ్మిదింటికి టిఫిను చెయ్యడం, టీ, చక్కెర ఉండే అర చూసుకోవడం ఆవిడ వంతు. మిగతా ఇంటిపని అక్కా మార్తా మీద వేసుకుని ఈవిణ్ణి రాసుకోనిచ్చారు. ఆ ఇద్దరూ లేకపోతే ఆ నవలలు లేవు.

మేడ మీద బొంత ఉంది. ప్యాచ్‌వర్క్ అని రాశారు గాని నాకైతే అది బొంతే. తల్లీ ఇద్దరు కూతుళ్ళూ కలిసి కుట్టింది. వేల ముక్కలు. డైమండ్ ఆకారంలో కోసిన పువ్వుల చీటీగుడ్డ ముక్కలు, వాటి మధ్య చుక్కల గుడ్డతో సన్నటి పట్టీలు, నడిమధ్య పూలబుట్ట ఉన్న పెద్ద ముక్క. 1811లో అక్కకు రాస్తూ, బొంతకు ముక్కలు పోగుచేస్తున్నావా, ఇక్కడ పని ఆగిపోయింది అని అడిగింది జేన్. మా అమ్మ పాత చీరలు పరుచుకుని, మా చేత నాలుగు మూలలా పట్టించి, పెద్ద దారంతో బొంత కుట్టేది. ఎక్కడ ఏ చీర ముక్క పడాలో దగ్గర పడేసరికి మా అక్కలిద్దరూ కొట్టుకునేవాళ్ళు. ఈ బొంతలో కుడిపక్క ముక్కలు ఎడమపక్క ముక్కలతో సరిగ్గా జత కుదిరేలా వేశారు. ఎంత వెతుక్కుని ఉంటారో.

దుకాణంలో మార్తా లాయిడ్ చేత్తో రాసుకున్న వంటల పుస్తకం అచ్చుప్రతి దొరికింది. పేజీలు తిప్పుతుంటే కూరపొడి! పసుపు, దుంపరాష్ట్రం చెరో అర ఔన్సు, మంచి మిరపకారం పావు ఔన్సు, విడివిడిగా దంచి కలిపి దాచుకోవాలి, రెండు ఔన్సుల బియ్యప్పిండి కూడా చేర్చాలి. ఇండియా పద్ధతిలో కూర వండే విధానం మరో పేజీలో. నేను అక్కడే నిలబడి అమ్మాయిని కేకేశాను. అది చదివి, గట్టిగా నవ్వి, ఆ పేజీ ఫొటో తీసి బాత్ ఇంటివాడికి రాసిన మూడో ఈమెయిలుకు జతచేసింది. జేన్ రోజూ తిన్న వంటింట్లో పసుపూ కారం దంచేవాళ్ళు, మీరు ఆవిడ పేరు చెప్పుకుని అద్దె తీసుకుంటూ మా ఊరగాయకు జుల్మానా వేశారు అని రాసింది. ఆ 20 పౌండ్లు తిరిగొచ్చింది ఆ ఈమెయిలుకే.

చాటన్ ఇంట్లో నన్ను ఆపేసినవి ఆవిడ జమాఖర్చులు. సెన్స్ అండ్ సెన్సిబిలిటీ 1811లో సొంత ఖర్చు మీద వేయించుకుంది, నష్టం వస్తే కట్టుకోవడానికి డబ్బు పక్కన పెట్టుకుని మరీ. రచయిత్రి పేరు లేదు, ఒక స్త్రీ రాసినది అని మాత్రమే. మొదటి కూర్పు అమ్ముడై 140 పౌండ్లు మిగిలాయి. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ హక్కులు 150 అడుగుదామనుకుని 110కే ఇచ్చేసింది. 1813లో వచ్చాక ప్రచురణకర్త దాని మీద ఎంత సంపాదించినా ఈవిడకు ఇంకో పెన్నీ రాలేదు. మూడు నవలల హక్కులు కలిపి 450కి ఇమ్మన్న జాన్ మర్రే అనే ప్రచురణకర్త గురించి అక్కకు రాసింది, మోసగాడేగానీ మర్యాద తెలిసిన మోసగాడు అని. ఆ బేరానికి ఒప్పుకోలేదు. కానీ ఎమ్మా మీద వచ్చిన లాభంలోంచి మాన్స్‌ఫీల్డ్ పార్క్ రెండో కూర్పు నష్టం తీసేసుకుంటే, బతికుండగా చేతికొచ్చింది 38 పౌండ్ల 18 షిల్లింగులు. జీవితం మొత్తం మీద రాతలకు వచ్చింది 700 పౌండ్లకు మించలేదని పరిశోధకులు లెక్క తేల్చారు. కౌంటర్ అవతల ఇలాంటి పాస్‌బుక్కులు ఎన్ని చూశానో. చీటీపాట వేసుకుని, మగవాళ్ళకు తెలియకుండా వందా యాభై దాచుకునే ఆడవాళ్ళవి.

చాటన్ చర్చి వెనక తల్లిదీ కసాండ్రాదీ సమాధులు పక్కపక్కన ఉన్నాయి. జేన్ అక్కడ లేదు.

సోమవారం 64 నంబరు బస్సెక్కి వించెస్టర్ వెళ్ళాం. మనిషికి 3 పౌండ్లు. ఇంత చవకైన మంచి ప్రయాణం ఇంగ్లండ్‌లో నేను ఇంకోటి చెయ్యలేదు, కిటికీ పక్క సీటు పట్టుకోండి. ఆదివారం ఆ దారిలో బస్సులు తక్కువ. జేన్ కూడా ఇదే దారిన వెళ్ళింది. 1817 మే 24న వైద్యం కోసం అక్కతో కలిసి బండిలో, వానలో, అన్న హెన్రీ, మేనల్లుడు విలియం గుర్రాల మీద పక్కన తడుస్తూ వస్తుంటే.

కెథీడ్రల్‌లో ఉత్తరం వైపు నడవలో నల్లరాయి కింద ఉంది ఆవిడ. రాతి మీద ఆవిడ మంచితనం, భక్తి, తెలివితేటలు అన్నీ చెక్కారు. నవలలు రాసిందన్న ఒక్క మాట లేదు. 1872లో గోడకు ఇత్తడి పలక పెట్టినప్పుడుగాని ఆ లోటు తీరలేదు. ఆ మధ్య కాలంలో అక్కడి కాపలామనిషి ఒకాయన, ఇంతమంది వచ్చి ఈమె సమాధి ఎక్కడని అడుగుతున్నారు, ఈమెలో ఏమిటి విశేషం అని ఒక సందర్శకుణ్ణి అడిగాడట. మేం వెళ్ళేసరికి రాతి పక్కన ఎవరో తెల్లపూలు పెట్టి ఉన్నారు.

అక్కణ్ణుంచి కాలేజ్ స్ట్రీట్ 8వ నంబరు ఇల్లు అయిదు నిమిషాల నడక. ఆవిడ ఆఖరి రోజులు గడిపిన ఇల్లు. తలుపు మీద చిన్న పలక ఉంది, మేం వీధిలోంచే చూశాం. మేడ మీద వీధి వైపుకు పొడుచుకొచ్చిన కిటికీ. జులై 15న ఓపిక తెచ్చుకుని ఒక పద్యం చెప్పి రాయించింది. 18 తెల్లవారుజామున అక్క ఒళ్ళో తలపెట్టుకుని పోయింది. 41 ఏళ్ళు. 24న శవాన్ని తీసుకెళ్ళినప్పుడు అన్నదమ్ములు వెళ్ళారు. ఆడవాళ్ళు అంత్యక్రియలకు వెళ్ళే అలవాటు లేదు, కసాండ్రా ఆ కిటికీలోంచి చూస్తూ నిలబడింది, వీధి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా. మా అమ్మ పోయినప్పుడు మేం నలుగురం కూడా గుమ్మం దాకే. వీధి మలుపు ఎంత దూరంలో ఉందో నేను అడుగులు వేసి చూసుకున్నాను. ఎక్కువ దూరం లేదు.

మా ఆయన ఎదురుగోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఈ వారం రోజుల్లో ఆయన జేన్ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ కిటికీనే చూస్తూ, "మరి ఆ అక్కేమైంది?" అన్నారు.

ఇంకో 28 ఏళ్ళు ఆ చాటన్ ఇంట్లోనే ఉందని చెప్పాను. చెల్లెలి ఉత్తరాలు పెట్టెల నిండా ఉంటే, ఎవరికీ చూపించకూడదనుకున్నవన్నీ చదువుకుని కాల్చేసిందని, 1845లో పోయిందని. ఆయన తలూపారు. రెడింగ్‌కు నేరుగా వెళ్ళే రైలుకు ఇంకా గంట ఉంది, స్టేషన్‌కు దారి ఎత్తు. అమ్మాయి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది.